మాను పడే దారి

గట్టికలప ఇచ్చే పెద్దచెట్టును కొట్టడమంటే, నిలువునా నిలబడిన కొన్ని టన్నుల బరువును ఎంచుకున్న చోట అడ్డంగా పడుకోబెట్టడం. నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, చేజర్ల నుంచి ఆత్మకూరు మీదుగా ఉదయగిరి దాకా, పొలం గట్ల మీదా ఇళ్ల పెరళ్లలోనూ రోడ్ల పక్కనా పెద్దమానులుగా ఎదిగేవి ఎక్కువగా చింత, వేప, నల్లతుమ్మ, నేరేడు. ఇంకా పడమటికి పోతే వెలికొండల అడవి, అందులో ఎర్రచందనం. ఉదయగిరి చెక్క చెంచాలకూ గరిటెలకూ వాడే నర్ది, బిక్కి, కలివి, దేవదారు కూడా ఆ కొండల్లోవే. ఈ దేవదారుకూ హిమాలయాల దేవదారుకూ చుట్టరికం లేదు. భౌగోళిక గుర్తింపు పొందిన ఆ చేతిపనికి కావలసినవి చిన్న కర్రలు. ప్రాణాల మీదికి తెచ్చేది పెరటి చింత, రోడ్డుపక్క వేప లాంటి పెద్దమానులు.

చెట్టుకో స్వభావం ఉంటుంది. మానును అడ్డంగా కోస్తే బెరడు కింద లేతరంగు కర్ర, దాని లోపల ముదురు రంగు చేవ కనిపిస్తాయి. నీటిని పైకి మోసేది వెలుపలి కర్ర. చేవలో జీవకణాలు ఉండవు, గట్టిదనం మాత్రం దానిదే. చింత చేవ ముదురు ఊదారంగులో ఉండి రంపం పళ్లను త్వరగా మొద్దుబారుస్తుంది. దాని నార ఒక దారిన పోకుండా పెనవేసుకుపోతుంది కాబట్టి గొడ్డలి దెబ్బకు సులువుగా చీలదు. మాంసం కొట్టువాళ్లు చింతమొద్దునే కోరుకునేది అందుకే. జామాయిల్ తీరు వేరు. పెరిగేటప్పుడే దాని మానులో బిగువు పేరుకుంటుంది. కోయగానే చివరలు పగుళ్లిస్తాయి, కోస్తుండగానే నిలువునా చీలే గుణమూ ఉంది. ఎర్రచందనం చేవ నీళ్లలో మునిగేంత బరువు. ఇక తాటిచెట్టులో లెక్కంతా తలకిందులు. దానికి గట్టిదనం వెలుపలి వలయంలో ఉంటుంది, నడుమ మెత్తటి దూట. మిగతా చెట్లకు చెప్పే కోతలు దానికి ఉన్నదున్నట్టు పనికిరావు.

బరువు లెక్క కూడా ముందే తెలిసి ఉండాలి. మీటరు అడ్డుకొలత, మూడు మీటర్ల పొడవు ఉన్న మాను ముక్క 2.3 ఘనమీటర్లకు పైన ఉంటుంది. పచ్చి గట్టికర్ర ఘనమీటరు రమారమి టన్ను తూగుతుంది. అంటే కొమ్మలూ తలా లేని ఆ ఒక్క ముక్కే రెండు టన్నులు దాటుతుంది. అది కదలడం మొదలయ్యాక మనిషి బలం గానీ, ఒక తాడు గానీ దాన్ని ఆపలేవు. దారి చూపడమంటూ ఉంటే అది కదలకముందే జరగాలి.

పాతకాలపు పద్ధతుల్లో ఈ జాగ్రత్త చాలావరకు ఉండేది. విశాలంగా పరుచుకున్న చింతనో మర్రినో మొదట్లోనే కొట్టేవారు కాదు. ఒకరు పైకెక్కి కొమ్మల్ని ఒక్కొక్కటిగా దించి, తల తేలిక చేసేవారు. ఆ తరువాత మోకు కట్టి, పడవలసిన వైపు గొడ్డలితో గంటు పెట్టి, అవతలి వైపు నుంచి ఇద్దరు పట్టే రంపంతో కోసేవారు. పొలంలో మొద్దు మిగలకూడదనుకుంటే చుట్టూ తవ్వి, పక్కవేళ్లు నరికి, మానును వేళ్లతో సహా కూలదోసేవారు. ఇప్పుడా పని జేసీబీ చేస్తోంది. గొడ్డలి పని నెమ్మదిగా సాగేది కాబట్టి చెట్టు చేసే చప్పుడు వినిపించేది, పక్కకు తప్పుకునే వ్యవధీ దొరికేది. గొలుసు రంపం మిషన్ వచ్చాక గంటల పని నిమిషాల్లోకి దిగింది. మోత మూలంగా కర్ర చిటపట వినపడదు, ఆలోచించుకునే వ్యవధీ మిగలదు. పనిముట్టు మారినా పద్ధతి పాతదే అయితే ప్రమాదం పెరుగుతుంది.

రంపం ఎత్తకముందు కాగితం పని ఒకటి ఉంది. 2002 నాటి ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టం, అంటే జనం నోట ‘వాల్టా’, సొంత భూమిలోని చెట్టుకు కూడా అనుమతి కావాలంటుంది. కొట్టిన చెట్టుకు బదులు మొక్కలు నాటాలనీ అంటుంది. తోటలుగా పెంచే సరుగుడు, సుబాబుల్, జామాయిల్ లాంటివాటికి సడలింపులున్నాయి. కలపను లారీకెక్కించి తరలించడానికి వేరే అనుమతి ఉంటుంది. ఎర్రచందనం సంగతి పూర్తిగా వేరు: 1995 నుంచి అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలో ఉన్న ఆ చెట్టు పట్టా భూమిలో ఉన్నా అటవీశాఖకు తెలియకుండా దాని మీద చెయ్యి వేయడానికి వీల్లేదు.

అనుమతి వచ్చాక మొదటి పని చెట్టు చుట్టూ నెమ్మదిగా తిరగడం. చూపు పై నుంచి కిందికి రావాలి. ఎండిపోయి వేలాడే కొమ్మలు, విరిగి మరో కొమ్మలో చిక్కుకున్న ముక్కలు మొదట కనిపెట్టాలి. కోత కుదుపుకు అవి నేరుగా కోసేవాడి నెత్తిన పడతాయి. పెద్దతేనెపట్టు ఉంటే రంపం మోతకూ అదురుకూ ఈగలు లేస్తాయి. ఎత్తున ఉన్నవాడు అప్పుడు పారిపోలేడు. కరెంటు తీగలు, బావులు, గుడిసెలు, పశువుల కొట్టాలు ఎంత దూరాన ఉన్నాయో చూడాలి. తీగలు అందుకునేంత దగ్గరుంటే విద్యుత్ శాఖ సరఫరా ఆపేవరకూ పని మొదలుకాకూడదు. ఆ తరువాత చూడవలసింది చెట్టు మొదలు. గొడ్డలి మడమతో మాను చుట్టూ కొట్టి చూస్తే గట్టికర్ర గణగణమంటుంది, తొర్ర బోలుగా పలుకుతుంది. బెరడు మీద పుట్టగొడుగులు, చెదల మట్టి, పాతగాయాలు లోపలి కుళ్లును చెబుతాయి. ముసలి చింతల్లో తొర్ర అరుదు కాదు, ఆ తొర్రలో పాములూ అరుదు కాదు.

ఎత్తు తెలియడానికి ఒక కర్రముక్క చాలు. చెయ్యి చాపితే కంటి నుంచి పిడికిలి దాకా ఎంత దూరమో అంత పొడుగు కర్రను నిలువుగా పట్టుకుని వెనక్కి నడవాలి. కర్ర కిందికొన చెట్టు మొదలుకూ పైకొన చెట్టు చివరకూ సరిపోయిన చోట ఆగితే, అక్కణ్నుంచి చెట్టు దాకా ఉన్న దూరమే సుమారుగా చెట్టు ఎత్తు. వాలు తెలియడానికి రాయి కట్టిన తాడును కంటి ముందు వేలాడదీసి, మానును దానితో పోల్చాలి. రెండు వైపుల నుంచి చూడాలి. ముందు నుంచి నిటారుగా కనిపించిన చెట్టు పక్క నుంచి ఒరిగి ఉండొచ్చు. మాను నిటారుగా ఉన్నా తల బరువు ఒకవైపే ఉంటే అది వాలిన చెట్టే. జూన్, జూలై నెలల్లో ఈ మెట్టను ఊపేసే పడమటి గాలి కూడా ఈ లెక్కలోకి వస్తుంది. ఉదయం గాలి లేనప్పుడు వేసిన అంచనా మధ్యాహ్నానికి పనికిరాదు.

పడే దిక్కు తేలాక తప్పుకునే దారులు రెండు చూసుకోవాలి. అవి పడే దిక్కుకు సరిగ్గా వెనక ఉండకూడదు, ఎందుకంటే మొదలు కొన్నిసార్లు వెనక్కి ఎగదన్నుతుంది. వెనక వైపే గానీ చెరో పక్కకూ వాలుగా ఉండాలి. ఆ దారుల్లో ముళ్లకంపా రాళ్లూ తీసేయాలి. చెట్టు ఎత్తుకు రెండింతల దూరంలో, అంటే 15 మీటర్ల చెట్టుకు చుట్టూ 30 మీటర్ల లోపల, కోసేవాడూ అవసరమైన ఒక్క సహాయకుడూ తప్ప ఎవరూ ఉండకూడదు. అమెరికాలో కార్మిక భద్రతా నిబంధనలు కూడా ఇదే రెండింతల కొలత చెబుతాయి. ఊళ్లో చెట్టు కొడుతుంటే చూడ్డానికి పిల్లలతో సహా పదిమంది చేరడం మామూలే. వాళ్లను దూరంగా నిలబెట్టడం సగం పని.

రంపం మిషన్ విషయంలో అందరూ తెలుసుకోవలసింది దాని ముక్కు గురించి. గొలుసు తిరిగే ఇనుప పట్టీ చివర పైపావు భాగం దేనికైనా తగిలితే గొలుసు కర్రను పట్టుకుని రంపం మొత్తాన్ని కోసేవాడి ముఖం మీదికి విసురుతుంది. మనిషి ఉలిక్కిపడే లోపే అది జరిగిపోతుంది. ఎడమ బొటనవేలు ముందుపిడి కింద నుంచి చుట్టి ఉండటం, గొలుసును ఆపే బ్రేకు పనిచేస్తూ ఉండటం, రంపాన్ని భుజాల కంటే పైకి ఎత్తకపోవడం, ఈ మూడూ దానికి విరుగుడు. హెల్మెట్, కళ్లకు జాలీ, చెవులకు మూతలు, కాళ్లకు గొలుసును చుట్టుకుని ఆపే నారపొరల పంట్లాం, గట్టి బూట్లు ఉండాలి. లుంగీ ఎగగట్టి, రబ్బరు చెప్పులతో చేసే పని కాదిది, ఎంత అనుభవం ఉన్నా.

ఇక కోత. దీనిలో మూడు భాగాలున్నాయి: పడే వైపు పెట్టే గంటు, అవతలి వైపు నుంచి వెనక కోత, ఈ రెండింటి నడుమ కోయకుండా వదిలే పట్టీ. చాలామంది దృష్టి మొదటి రెండింటి మీదే ఉంటుంది. చెట్టును నడిపించేది మూడోది. ఆ పట్టీ తలుపుకు మడతబందు ఎలాగో చెట్టుకు అలాగ. అది తెగకుండా వంగుతున్నంతసేపే చెట్టు అనుకున్న దారిలో పడుతుంది. దాని మందం మాను అడ్డుకొలతలో సుమారు పదోవంతు ఉండాలి. 60 సెంటీమీటర్ల మానుకు 6 సెంటీమీటర్లు. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే మందం రావాలి. ఒక పక్క పలచబడితే అది ముందే తెగి, చెట్టు మందం ఉన్న వైపు తిరిగిపోతుంది. బందును పూర్తిగా కోసేస్తే చెట్టుకు యజమాని లేనట్టే.

గంటు లోతు మానులో నాలుగోవంతుకు అటూ ఇటూ సరిపోతుంది. అసలు సంగతి దాని కోణం. మామూలుగా పెట్టే 45 డిగ్రీల గంటులో చెట్టు సగం దారి ఒరిగేసరికి పైపెదవీ కిందిపెదవీ కలుసుకుంటాయి. అక్కడ బందు తెగుతుంది, మిగిలిన దారంతా చెట్టు తన ఇష్టం. గంటును 70 నుంచి 90 డిగ్రీల దాకా విప్పితే పెదవులు కలిసేసరికి చెట్టు దాదాపు నేలకు చేరి ఉంటుంది. రెండు కోతలూ ఒకే గీత మీద కలవాలి. ఒకటి రెండోదాన్ని దాటి పోతే ఆ సన్నని చీలిక ముందే మూసుకుని బందును తెంపుతుంది. చూడ్డానికి చిన్న తప్పు. చెట్టు పక్కకు పడ్డాక మొద్దును పరిశీలిస్తే తరచుగా దొరికే కారణం ఇదే. వెనక కోతను 45 డిగ్రీల గంటుకైతే గంటు మట్టం కంటే కొద్దిగా పైన పెట్టాలి. ఆ మెట్టు మొదలును వెనక్కి జారనివ్వదు. వెడల్పు గంటుకు మాత్రం ఒకే మట్టం సరిపోతుంది.

పడే వైపే బాగా ఒరిగిన చెట్టు సులువుగా కనిపిస్తుంది. నిజానికి అన్నిటికంటే ప్రమాదం దానితోనే. వెనక నుంచి కోస్తూ పోతుంటే, కోత సగంలో ఉండగానే బరువు ముందుకు లాగుతుంది. బందు వంగే వ్యవధి ఉండదు, మాను నిలువునా చీలుతుంది. చీలిన వెనక సగం మనిషి ఎత్తు దాటి లేచి, ఒక్కసారిగా వెనక్కి తన్ని కిందపడుతుంది. కోసేవాడు నిలబడేది సరిగ్గా అక్కడే. జామాయిల్ లాంటి సులువుగా చీలే చెట్లలో ఇది ఎక్కువ. చింతలో తక్కువే గానీ, రెండు మానులు కలిసి పెరిగిన చోట వాటి అతుకు దగ్గర చీలిక అలాగే వస్తుంది.

దీనికి విరుగుడుగా వచ్చిందే గుచ్చుకోత. గంటు పెట్టిన తరువాత వెనక నుంచి మొదలుపెట్టకుండా, రంపాన్ని బందు వెనకగా మాను పక్క నుంచి లోపలికి దూర్చుతారు. ముక్కు కిందిభాగంతో మొదలుపెట్టి, కొంత దిగాక నిటారు చేసి తోస్తారు. పైభాగంతో మొదలెడితే రంపం ఎగిరి వస్తుంది. లోపల బందును సరైన మందానికి తీర్చి, అక్కణ్నుంచి వెనక్కి కోస్తూ వచ్చి, వెనక అంచున ఒక పిడికెడు కర్రను వదిలేస్తారు. ఆ వెనక పట్టు ఉన్నంతసేపూ ఎంత వాలిన చెట్టయినా కదలదు. రంపం తీసి, చుట్టూ చూసి, తప్పుకునే దారి సరిచూసుకుని, చివరగా ఆ పట్టును బయట నుంచి ఒక్క కోతతో తెంపుతారు. చెట్టు ఎప్పుడు కదలాలో మనిషే నిర్ణయించే వీలు దీనితో వచ్చింది. వెడల్పు గంటునూ గుచ్చుకోతనూ కలిపి ఒక పాఠంగా మలిచి అమెరికాలో వేలమందికి నేర్పినవాడు స్వీడన్‌కు చెందిన సోరెన్ ఎరిక్సన్. ఆయన శిక్షణలో పోటీలూ మార్కులూ ఉంటాయి. గంటు కోణం, బందు మందం, చెట్టు గురిపెట్టిన మేకుకు ఎంత దగ్గరగా పడిందీ కొలిచి చూస్తారు.

మాను అడ్డుకొలత రంపం పట్టీ కంటే పెద్దదైతే రెండు వైపుల నుంచీ కోయాలి. ఒక వైపు కోత రెండోదానితో ఒకే మట్టంలో కలవకపోతే బందు మెలిపడుతుంది. ఇంకా పెద్దదైతే గంటు మధ్యలోంచే రంపాన్ని లోపలికి గుచ్చి, గుండెభాగాన్ని ముందుగా కోసేస్తారు. బందు రెండు పక్కల మిగులుతుంది, పట్టు తగ్గదు, నడుమ కోయకుండా మిగిలిపోయే కర్ర బెడద తప్పుతుంది. ఆకట్టుకునే పద్ధతే గానీ, గుచ్చుకోత చేతికి రానివాడు తలపెట్టకూడనిది.

కొద్దిగా వెనక్కి ఒరిగిన చెట్టును చీలలతో ముందుకు తోయవచ్చు. వెనక కోతలో చేవకర్రతోనో ప్లాస్టిక్‌తోనో చేసిన చీలను సుత్తితో దిగ్గొడతారు. ఇనుప చీల గొలుసుకు తగిలితే పళ్లు ఎగిరిపోతాయి. దాని బలం ఎంతో లెక్క వేసి చూడవచ్చు. బందు నుంచి వెనక అంచు దాకా అర మీటరు ఉన్న మానులో చీల రెండున్నర సెంటీమీటర్లు లేపితే, 15 మీటర్ల ఎత్తున చివర ముప్పావు మీటరు ముందుకు జరుగుతుంది. చెట్టు అంతకంటే ఎక్కువ వెనక్కి ఒరిగి ఉంటే చీలలు చాలవు, పైన మోకు కట్టి లాగాలి. లాగే ట్రాక్టరు, లాగే మనుషులు కూడా చెట్టు ఎత్తుకు రెండింతల దూరానికి బయటే ఉండాలి. మోకు పొడుగు చాలకపోతే మోకు మార్చాలి తప్ప మనుషుల్ని దగ్గరికి జరపకూడదు.

ఎండిపోయిన చెట్టు, తొర్ర పట్టిన చెట్టు ఈ నియమాలకు లొంగవు. బందు వంగాలంటే నారలో తడి ఉండాలి. ఎండుకర్ర వంగదు, పుటుక్కుమంటుంది. తొర్రలో బందుకు కర్రే ఉండదు. ఇలాంటివాటిని తల నుంచి ముక్కలుగా దించడమో యంత్రంతో తోయడమో మేలు. కోస్తుండగా పక్క చెట్టు మీద చిక్కుకుని ఆగిపోయిన చెట్టు కింద నడవకూడదు. దాన్ని పట్టుకున్న చెట్టును కొట్టడం ఇంకా పెద్ద తప్పు. మొదలుకు గొలుసు వేసి దూరం నుంచి వెనక్కి లాగడమే దారి.

గాలివానకు పడ్డ చెట్లు మరో తరహా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు వేల చెట్లు రోడ్లకు అడ్డంగా పడ్డాయి. అలాంటి మానులో ఒక వైపు నార సాగి బిగుసుకుని ఉంటుంది, రెండో వైపు నలిగి ఉంటుంది. బిగువు వైపు ముందుగా కోస్తే మాను ఎగదన్నుతుంది. నలిగిన వైపు లోతుగా కోస్తే రంపం ఇరుక్కుంటుంది. నలిగిన వైపు కొంచెం కోసి, ఆపై బిగువు వైపు నుంచి నెమ్మదిగా కోయాలి. వేళ్లతో పెళ్లగిలిన చెట్టు మానును కోసేస్తే, వేళ్ల మట్టిదిబ్బ గోతిలోకి తిరిగి నిలబడటం ఉంది. ఆ గోతిలో ఎవరూ లేరని చూసుకున్నాకే కోయాలి. పడిన చెట్టు కొమ్మలు కొట్టేటప్పుడూ ఇదే బిగువు లెక్క. వాలులో దుంగకు ఎగువ వైపే నిలబడాలి.

కొత్త కోతలు చేసి చూడాలనే కోరిక పనిలో ఆసక్తి ఉన్న ప్రతివాడికీ పుడుతుంది. ఊళ్లలో ఈ పని ఎక్కువగా చూసి నేర్చుకునేది, చూసినవాళ్లు చేసిన తప్పులతో సహా. యూరప్‌లో రంపం పట్టేవాళ్లకు అంచెలంచెల పరీక్షలూ ధ్రువపత్రాలూ ఉన్నాయి. అవి లేనిచోట కూడా ప్రమాదం లేకుండా ప్రయోగం చేసే దారి ఉంది. పడగొట్టిన చెట్టు మొద్దును నడుము ఎత్తు వదిలితే, దాని మీద గంటు కోణాలు మార్చి చూడవచ్చు, గుచ్చుకోత సాధన చేయవచ్చు, కోసిన బందు మందాన్ని టేపుతో కొలవవచ్చు. భూమిలో నిలువుగా పాతిన దుంగ కూడా చాలు. ఒకేసారి ఒక్క మార్పు చేస్తేనే ఫలితం దేనివల్ల వచ్చిందో తెలుస్తుంది. ఆ తరువాత, చుట్టూ ఖాళీ ఉన్న పొలంలో, అరచేతి వెడల్పుకు కాస్త మించిన జామాయిల్ చెట్ల మీద. పడవలసిన చోట మేకు పాతి గురి చూసుకోవాలి. ఇళ్ల నడుమ ఉన్న ముసలి చింత మీద మొదటిసారి గుచ్చుకోత ప్రయత్నించడం ప్రయోగం అనిపించుకోదు.

పడగొట్టిన ప్రతిసారీ మొద్దును పరిశీలించడం అలవాటు కావాలి. బందు మీద నార పొడుగ్గా లేచి ఉంటే అది చివరిదాకా పనిచేసినట్టు. పొట్టిగా విరిగితే గంటు త్వరగా మూసుకుందో, కర్ర ఎండిందో, బందు పలచనైందో వెతకాలి. ఒక చివర మందం, ఒక చివర పలచన ఉంటే రంపం మట్టం తప్పింది. పక్కల నుంచి నార చీలి మొదట్లోకి దిగితే, తరువాతి చెట్టుకు బందు రెండు చివరల్లో వెలుపలి కర్రను కొద్దిగా కోసి చూడవచ్చు. పరిశీలన అయ్యాక, టేకు, జామాయిల్ లాంటి మళ్లీ చిగురించే జాతుల మొద్దును నేలకు దగ్గరగా, నీరు నిలవకుండా కొంచెం ఏటవాలుగా, బెరడు ఊడకుండా తిరిగి కోస్తారు. చింతమొద్దును తవ్వి తీసి నీడలో ఆరబెడతారు. ఎండలో వేస్తే పగుళ్లిస్తుంది.